నొప్పి తగ్గింది కదా, ఇంకెందుకండీ ఫిజియో?

– ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం, సామర్లకోట బ్రాంచ్



దసరా సెలవులకు ముందు జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి గారు నా టేబుల్ దగ్గరకొచ్చారు. మార్కుల షీట్ చూడకముందే జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. తమ అబ్బాయికి ఇకనుంచి గేమ్స్ పీరియడ్ వద్దని, ఆ టైములో స్టడీలో కూర్చోబెట్టమని అందులో ఉంది. అబ్బాయి తొమ్మిదో తరగతి. షటిల్ బాగా ఆడతాడు. ఆగస్టులో ఎస్‌జీఎఫ్ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేస్తుంటే చీలమండ బెణికింది. పది రోజులు ఇంట్లో ఉన్నాడు. నొప్పి తగ్గింది, వాపు పోయింది, మళ్లీ బ్యాట్ పట్టుకున్నాడు. మూడో రోజు అదే కాలు మళ్లీ మడతపడింది.

"ఒకసారైతే ఊరుకుందుమండీ మేడమ్ గారూ, రెండోసారి కూడానండీ. ఆ కాలికి ఆటలు అచ్చిరావండి, ఏం చేస్తాం" అన్నారాయన.

ఆయన కోపంగా అనలేదు, బెంగతో అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే పదమూడేళ్ల క్రితం మా ఇంట్లో నా కాలి గురించి అచ్చం ఇదే మాట అన్నారు.

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు ఖోఖో ఆడేదాన్ని. మండల స్థాయి పోటీల్లో పోల్ దగ్గర తిరగబోతుంటే కుడి కాలు లోపలికి మడతపడింది. సాయంత్రానికి చీలమండ బూరెలా వాచిపోయింది. మా అమ్మమ్మ చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేసింది. తెల్లారేక నాన్న కట్టు కట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లారు. వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొన పూసిన గుడ్డతో బిగించి కట్టేశారు. మూడు వారాలు మంచం మీదే. కట్టు విప్పితే నొప్పి లేదు. పిక్క మాత్రం ఎడమ కాలి పిక్కలో సగం ఉన్నట్టు కనిపించింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేను మళ్లీ ఆటకెళ్లాను, నెల తిరక్కుండానే మళ్లీ మడతపడింది. మూడోసారి పడ్డాక అమ్మ ఒక్క మాట అంది: "పెళ్లి కావలసిన పిల్ల, కాలు అవిటైతే ఎవరు చేసుకుంటారే?" అంతే. ఖోఖో అక్కడితో ఆగిపోయింది. అమ్మని నేను తప్పు పట్టను. ఆవిడకి తెలిసింది అంతే, చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు.

ఆట అయితే మానేశాను గానీ, కాలు మాత్రం మడతపడటం మానలేదు. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్లినప్పుడు బస్సు దిగుతూ ఒకసారి పడ్డాను. కిందటేడాది మన స్కూల్లోనే చార్టులు పట్టుకుని మెట్లు దిగుతూ ఆరో తరగతి పిల్లల ముందు కూలబడ్డాను. పిల్లలు నవ్వలేదు, పాపం, భయపడ్డారు. ఆ వారమే కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు వెళ్లాను. ఆవిడ కాలు నొక్కి చూశాక, "ఎడమ కాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి" అన్నారు. నిలబడ్డాను. "ఇప్పుడు కుడి కాలి మీద" అన్నారు. మూడంకెలు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకున్నాను. పదమూడేళ్లుగా ఆ కాలి మీదే నడుస్తున్నాను, రోజుకి ఏడు పీరియడ్లు నిలబడే పాఠం చెబుతున్నాను. ఆ సంగతి నాకే తెలియదు!

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. చీలమండ బయటి వైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు ఉంటాయి. కాలు లోపలికి మడతపడినప్పుడు అవి సాగుతాయి, కొన్నిసార్లు చిరుగుతాయి. నొప్పి, వాపు వారం పది రోజుల్లో తగ్గిపోవచ్చు. లిగమెంట్ గట్టిపడటానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇంకో సంగతి ఉంది. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకి ఎప్పటికప్పుడు కబురు పంపే సన్నని నరాల కొసలు ఆ లిగమెంట్‌లో ఉంటాయి. దెబ్బకి అవీ దెబ్బతింటాయి. కాలు గుంటలో పడబోతోందని మెదడుకి తెలిసి కండరం బిగుసుకునేలోపే కాలు మడతపడిపోతుంది. అందుకే ఒకసారి బెణికిన చీలమండకి మళ్లీ బెణికే అవకాశం చాలా ఎక్కువ. ఇది అచ్చిరాకపోవడం కాదు, బాగుచేయడం సగంలో ఆపేయడం.

మన దగ్గర ఫిజియోథెరపీ అంటే చాలామందికి "కరెంటు పెట్టించుకోవడం". తాతగారికి పక్షవాతం వచ్చినప్పుడు, నాన్నగారికి నడుం పట్టేసినప్పుడు మాత్రమే గుర్తొస్తుంది. నేను కూడా మెషిన్ కోసమే వెళ్లాను. ఆవిడ మెషిన్ పది నిమిషాలు పెట్టి, మిగతా అరగంట నా చేత పని చేయించారు. మొదటి రోజు హోంవర్క్ ఏమిటో తెలుసా? కుర్చీలో కూర్చుని కాలు గాల్లోకి ఎత్తి, బొటనవేలితో ఏ నుంచి జెడ్ వరకు రాయడం. ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి కర్సివ్‌లో కూడా రాశాను. తర్వాత సాగే బ్యాండ్ కట్టి కాలిని నాలుగు వైపులా లాగడం, మడమలెత్తి నిలబడటం, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, ఆ తర్వాత దిండు మీద ఒంటికాలి మీద నిలబడటం. రెండు నెలల్లో ఆవిడ దగ్గరకు వెళ్లింది ఆరుసార్లే. మిగతాదంతా ఇంట్లో, రోజుకి పావుగంట. ఇప్పుడు కుడి కాలి మీద కళ్లు మూసుకుని ఇరవై లెక్కపెట్టగలను.

దెబ్బ తగిలిన మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలన్నది తల్లిదండ్రులుగా మీ చేతుల్లో ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మొదటిది, మాలిష్ వద్దు. వేడి నూనె వద్దు, కాపడం వద్దు. అప్పుడే దెబ్బతిన్న చోట లోపల రక్తం కారుతూ ఉంటుంది, రుద్దితే వాపు పెరుగుతుంది. ముఖ్యంగా మోచేతి దెబ్బకి మాలిష్ చేయిస్తే ఆ కండలోనే ఎముక పెరిగి చేయి చాపలేని స్థితి రావచ్చు. ఇది డాక్టర్లు మన దేశంలో తరచూ చూసే సమస్యే. రెండోది, బిగించి కట్టే కట్టు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా, అది రాత్రి రెండు గంటలైనా సరే కట్టు విప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎలాస్టిక్ బ్యాండేజ్ ఓ మోస్తరుగా చుట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టి, నొప్పి కోసం గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెడితే చాలు. ఐస్ కూడా మంత్రం కాదు. "విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు" అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తనే అభిప్రాయం మార్చుకున్నారు. పూర్తి విశ్రాంతి కూడా రెండు మూడు రోజులకు మించి మంచిది కాదని ఇప్పుడు చెబుతున్నారు. నొప్పి ఒప్పుకున్నంత మేర కదపడమే మందు.

ఎక్స్‌రే ఎప్పుడు? కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికి ఒక సులువైన పద్ధతి చెప్పారు, ప్రపంచమంతా వాడుతున్నారు. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండకి రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. పిల్లల విషయంలో నేనైతే ఇంకొంచెం ముందే తీసుకెళ్లమంటాను. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అని మెత్తటి భాగం ఉంటుంది. పిల్లల్లో లిగమెంట్ కంటే అదే బలహీనం. పెద్దవాళ్లకి బెణుకు అయ్యే దెబ్బ పిల్లలకి ఆ ప్లేట్‌లో విరుగుడు కావచ్చు. పట్టించుకోకపోతే ఎముక ఎదుగుదలే వంకర పోవచ్చు. కాబట్టి "బెణుకేలెండి" అని మనకి మనమే తేల్చేసుకోకూడదు. కాకినాడ జీజీహెచ్‌లో ఆర్థో ఓపీ ఉంది, మనకి అరగంట దారి. డబ్బు ఇబ్బందని ఆగాల్సిన పని లేదు.

దెబ్బేమీ తగలకుండా వచ్చే నొప్పులు కూడా ఉన్నాయి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలు తరచూ నాతో చెప్పేవి రెండు. ఒకటి, మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి పరుగెత్తితే నొప్పి. రెండు, మడమ వెనక నొప్పి. ఎముక వేగంగా పొడుగవుతుంటే కండరం అంత వేగంగా సాగక, అతుక్కున్న చోట లాగుతుంది. పిల్లలు సాకులు చెప్పడం లేదండి, నిజంగానే నొప్పి. ఆట కొంత తగ్గించి, తొడ, పిక్క కండరాలు సాగదీసే వ్యాయామాలు చేయిస్తే చాలావరకు తగ్గిపోతుంది. ఆదివారం పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఫాస్ట్ బౌలింగ్ వేసే అబ్బాయిల నడుం నొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పెరిగే వయసులో వెన్నుపూసలో సన్నని పగుళ్లు అలాగే మొదలవుతాయి. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు మార్గదర్శకాల్లో 13 ఏళ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకి ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజంతా కలిపి 10 ఓవర్లు అని హద్దు పెట్టారు. మన వీధుల్లో లెక్క పెట్టేదెవరు?

ఇప్పుడు "అచ్చిరాని" కాళ్ల సంగతికి వస్తాను. పుల్లెల గోపీచంద్‌కి 1994లో పుణె నేషనల్ గేమ్స్‌లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి ఆయన వయసు ఇరవై దాటిందంతే. ఆపరేషన్లు, నెలల తరబడి వ్యాయామం తర్వాత, 2001 మార్చి 11న ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ కాలు అచ్చిరాలేదని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే మనకి ఆ టైటిల్ లేదు, ఆ తర్వాత వచ్చిన అకాడమీ కూడా లేదు.

పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. ఆ ఆటల్లోనే ఎడమ పాదంలో నొప్పి మొదలైంది, తిరిగొచ్చాక స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. వెళ్లలేదు. మళ్లీ అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2023 జనవరిలో, మలేసియాలో. దాదాపు ఐదు నెలలు! రెండు ఒలింపిక్ పతకాలున్న అమ్మాయే ఒక కాలి కోసం ఐదు నెలలు ఆగింది. మనమేమో జోనల్ సెలక్షన్ కోసం పది రోజుల్లో పిల్లాడిని దింపేస్తాం.

మన పక్కనే అమలాపురం ఉంది. సాత్విక్‌సాయిరాజ్ అక్కడివాడే. వాళ్ల నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. చిరాగ్ శెట్టితో కలిసి అదే ఏడాది ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. అంత వేగంగా కొట్టే భుజం ఊరికే ఉంటుందా? 2024 ఏప్రిల్‌లో భుజం గాయంతో ఆసియా ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకున్నారు. అప్పుడు అది వాళ్లు నిలబెట్టుకోవలసిన టైటిల్, పారిస్ ఒలింపిక్స్‌కి నాలుగు నెలలే ఉంది. అయినా ఆగారు. మే నెలలో థాయిలాండ్ ఓపెన్ గెలిచారు. ఈ ముగ్గురి వెనకా డాక్టర్లు, ఫిజియోలు, ట్రైనర్లు ఉంటారన్నది నిజమే. మన పిల్లలకి అంత మంది అక్కర్లేదు. ఆగే ఓపిక, రోజుకి పావుగంట వ్యాయామం, మధ్యమధ్యలో ఒక తెలిసిన మనిషి చూడటం, ఇవి చాలు.

ఆటకి ఎప్పుడు పంపాలన్నది తేదీని బట్టి తేల్చేది కాదు. చీలమండ అయితే నేను పిల్లల చేత చేయించి చూసేవి ఇవి: వాపు లేకుండా రెండు కాళ్లూ ఒకేలా కదులుతున్నాయా, దెబ్బ తగిలిన కాలి మడమ ఒక్కదాన్నే ఎత్తుతూ దించుతూ రెండో కాలితో సమానంగా చేయగలుగుతున్నాడా, ఒంటికాలితో గెంతగలుగుతున్నాడా, పరుగెత్తుతూ ఒక్కసారిగా పక్కకి తిరిగితే తడబడుతున్నాడా? వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఇంకో వారం. మోకాలి ఏసీఎల్ ఆపరేషన్ అయితే లెక్క వేరు, కనీసం తొమ్మిది నెలలు. తలకి దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, తికమకగా మాట్లాడినా, వాంతి అయినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. వెంటనే డాక్టర్‌కి చూపించాల్సిందే.

పేరెంట్స్ గురించే రాసి మా గురించి రాయకపోతే బాగోదు. మన స్కూలు ఆవరణ మీరు చూశారు కదా, సగం సిమెంటు, సగం టైల్స్. పిల్లలు దాని మీద నల్ల బూట్లతో పరుగెడతారు. తొమ్మిది, పది తరగతులకి యూనిట్ టెస్ట్ దగ్గర పడితే మొదట పోయేది గేమ్స్ పీరియడే. ఆ పీరియడ్‌ని గ్రామర్ రివిజన్‌కి అడిగి తీసుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను. అలా ఐదారు నెలలు కూర్చోబెట్టిన పిల్లల్ని స్పోర్ట్స్ డేకి రెండు వారాల ముందు గ్రౌండ్‌లోకి వదిలి వంద మీటర్లు పరుగెత్తమంటాం. తొడ కండరం పట్టేయడంలో వింతేముంది?

ఫుట్‌బాల్ పిల్లల కోసం ఫిఫా తయారుచేయించిన "11+ కిడ్స్" అనే వార్మప్ ఉంది. ఏడు నుంచి పదమూడేళ్ల పిల్లలకి. ఒంటికాలి మీద గెంతడం, నిలదొక్కుకోవడం, సరిగ్గా కింద పడటం నేర్పుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల పని. నాలుగు యూరప్ దేశాల్లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది, అది చేసిన జట్లలో గాయాలు 48 శాతం తగ్గాయి. పరికరాలు అక్కర్లేదు, గ్రౌండ్ కూడా పెద్దది అక్కర్లేదు. మన పీఈటీ సార్‌తో మాట్లాడాను. ఆయన అన్నదేమిటంటే, "నలభై నిమిషాల పీరియడ్‌లో పావుగంట వార్మప్ చేయిస్తే పిల్లల్ని ఆడించట్లేదని పేరెంట్స్ కంప్లైంట్ చేస్తారు మేడమ్." ఆయన మాటలో నిజం ఉంది. అలాంటి కంప్లైంట్ డైరీలో నేనే చదివాను. వార్మప్ కూడా ఆటలో భాగమేనని మీరు ఇంట్లో ఒక మాట అంటే ఆయనకి పని తేలికవుతుంది.

అమ్మాయిల తల్లులకి విడిగా ఒక మాట. ఎదిగే వయసులో అమ్మాయిలకి మోకాలి లిగమెంట్ గాయాలు అబ్బాయిల కంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. దానికి విరుగుడు ఆట మానిపించడం కాదు. తొడ, తుంటి కండరాలు బలపరచడం, గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం నేర్పడం. కాలికి దెబ్బ తగిలిన అబ్బాయిని "ఎప్పుడు ఆడతావు" అని అడుగుతారు, అమ్మాయిని మాత్రం "ఇంకెందుకు ఆడటం" అంటారు. నా క్లాసులో ఇప్పుడు కబడ్డీ ఆడే అమ్మాయిలు నలుగురున్నారు. వాళ్లలో ఒకరి మోకాలికి రేపు దెబ్బ తగిలితే, మా ఇంట్లో అన్న మాట మీ ఇంట్లో అనకండి.

ఆ తండ్రి గారి కాగితం నేను తీసుకోలేదు. నా కుడి కాలి కథంతా చెప్పాను. వెనక లైనులో పేరెంట్స్ విసుక్కున్నారు కూడా. ఆయన సగం నమ్మి, సగం నమ్మకుండా, "మరి కరెంటు ఎన్ని రోజులు పెట్టాలండీ?" అని అడిగి వెళ్లారు. దసరా సెలవుల్లో అబ్బాయిని తీసుకెళ్లారట. ఇప్పుడు ఆరో వారం. గేమ్స్ పీరియడ్‌లో వాడు కోర్టు పక్కన దిండు మీద ఒంటికాలితో నిలబడి, గోడకి షటిల్ కొడుతున్నాడు. ఆటలో ఇంకా దిగలేదు. మడమలెత్తడంలో కుడి కాలికి ఇరవై ఐదు, ఎడమ కాలికి పద్దెనిమిది వస్తున్నాయని నిన్న నాకు లెక్క చెప్పాడు. ఇరవై ఐదు వచ్చిన రోజు పీఈటీ సార్ గెంతించి చూస్తారు.

స్పోర్ట్స్ డే డిసెంబరులో. ప్రాక్టీస్ ఈ నెల మూడో వారం మొదలవుతుంది. మీ పిల్లలకి పాత దెబ్బలేమైనా ఉంటే, ఎంత పాతవైనా సరే, డైరీలో రాసి పంపండి. పరుగు పందెంలో పేరిచ్చిన పిల్లల్ని ఆ రోజుల్లో నల్ల బూట్లతో కాకుండా స్పోర్ట్స్ షూస్‌తో పంపండి, యూనిఫామ్ రూల్ గురించి నేను ప్రిన్సిపల్ గారితో మాట్లాడతాను.